గింజలు దాచుకోండి, చీటీ పారేయండి: తిరుపతిలో దొరికే అడవిపూల విత్తనాల పెట్టె

తిరుపతి బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఓ విత్తనాల కొట్లో ‘అడవిపూలు’ అని రాసిన అట్టపెట్టె అమ్ముతున్నారు. ధర 450 రూపాయలు. లోపల ఎనిమిది చిన్న పొట్లాలు, ‘మిక్స్’ అని రాసిన ఒక పెద్ద పొట్లం, 98 గళ్ల ప్రోట్రే (నారు పెంచే గళ్ల ట్రే), ఇటుకంత కొబ్బరిపొట్టు దిమ్మ, విత్తే పద్ధతి అచ్చువేసిన చీటీ ఉంటాయి. పొట్లాల్లో ఉన్నవి తంగేడు, శంఖుపుష్పం, గిలకచెట్టు, గునుగు, విష్ణుక్రాంత, ముళ్ళగోరింట, కనకాంబరం, అడవినాభి. పెట్టె మొత్తం వద్దంటే చిన్న పొట్లం ఒక్కోటి 40 రూపాయలకు విడిగా ఇస్తారు.

గింజలు మంచివి. నాసిరకం కాదు, పుల్లా పుడకా కలవలేదు, పేరుకూ గింజకూ పొంతన ఉంది. చెడగొట్టేదల్లా చీటీనే. ‘అన్ని విత్తనాలనూ రాత్రంతా నానబెట్టి అర అంగుళం లోతులో నాటండి. రోజూ నీళ్లు పోయండి. ఏడాది పొడవునా విత్తుకోవచ్చు. 7 నుంచి 21 రోజుల్లో మొలుస్తాయి’ అని నాలుగు వాక్యాలు రాసి ఊరుకున్నారు. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా ఎనిమిది రకాలకూ సరిపోదు. చీటీని నమ్మి విత్తినవాళ్లకు రెండు మూడు రకాలే మొలుస్తాయి. మిగతావి మొలవకపోతే కొట్టు మోసం చేసిందనుకుంటారు. కౌంటరు దగ్గర అడిగినా “ఏముందక్కా, నానేస్తే అన్నీ మొలస్తాయి” అనే జవాబే వస్తుంది.

నానేస్తే మొలవనివాటిలో తంగేడు మొదటిది. గింజ బల్లపరుపుగా, గోధుమరంగులో, నున్నగా మెరుస్తుంటుంది. ఆ మెరుపే దానికి కవచం. పైతొక్క నీటిని లోపలికి పోనివ్వదు. రాత్రంతా నీళ్లలో ఉంచి పొద్దున చూస్తే గింజ వేసింది వేసినట్టే గట్టిగా ఉంటుంది. కొండవాలు మీద రాలిన గింజ ఒక్క తేలికపాటి వానకే మొలిస్తే తర్వాతి ఎండకు మాడిపోతుంది. అందుకే తొక్క ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా అరిగాకే నీళ్లు తాగుతుంది. మనం చేయాల్సింది ఆ అరుగుడును ఐదు నిమిషాల్లో ముగించడం. మూత గట్టిగా పట్టే చిన్న డబ్బా తీసుకుని, లోపలి గోడకు 120 నంబరు శాండ్‌పేపర్‌ను గరుకువైపు లోపలికి ఉండేలా చుట్టండి. గింజలు వేసి మూతపెట్టి మూడు నాలుగు నిమిషాలు బాగా కుదపండి. మెరుపు పోయి తొక్క మసకబారితే చాలు, తెల్లటి పప్పు బయటపడేదాకా రుద్దకూడదు. తర్వాత స్టీలు గ్లాసులో వేసి, పొయ్యి మీద నుంచి దించి రెండు మూడు నిమిషాలు ఆరిన వేణ్నీళ్లు గింజలకు పదింతలు పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు ఉబ్బినవి మామూలు గింజకు దాదాపు రెట్టింపు కనిపిస్తాయి. వాటిని ఆ రోజే నాటాలి. ఉబ్బనివాటిని ఆరబెట్టి మళ్లీ శాండ్‌పేపర్‌కు పట్టించి ఇంకోసారి నానేయాలి. నీళ్ల మీద తేలినవాటిని గోటితో నొక్కి చూడండి, చాలామటుకు పురుగు తిన్న డొల్లలే. పక్కన సన్నటి గుండ్రటి చిల్లు కూడా కనిపిస్తుంది. పొట్లంలో అలాంటివి నాలుగైదు ఉన్నాయి. తంగేడు కాయల్లో పురుగు మామూలే కాబట్టి దాన్ని కొట్టు తప్పుగా లెక్కవేయలేం.

తంగేడు విషయంలో ప్రోట్రే కూడా పనికిరాదు. ఈ మొక్క ఆకులకంటే ముందు తల్లివేరు దింపుతుంది. 98 గళ్ల ట్రేలో గడి లోతు నాలుగైదు సెంటీమీటర్లు దాటదు. వారం తిరిగేసరికి వేరు అడుగుకు తగిలి మెలికపడుతుంది. అలాంటి మొక్కను నేలలో నాటితే ఏడాదైనా గిడసబారి మోకాలి ఎత్తు దాటదు. గింజను నేరుగా నేలలో ఒక సెంటీమీటరు లోతున వేయడం అన్నిటికంటే మేలు. కుదరకపోతే పది అంగుళాల పొడవున్న సన్నటి నారు సంచిలో వేసి, రెండు జతల ఆకులు రాగానే మన్నుగడ్డ చెదరకుండా మార్చేయాలి. మిద్దె మీదైతే 15 అంగుళాల గ్రోబ్యాగు కావాలి, అంతకంటే చిన్నదైతే పూలు ఆశించొద్దు. ఎరువు వేయొద్దు. కంపోస్టు ఎక్కువైతే కొమ్మలు ఏపుగా సాగి ఆకులే మిగులుతాయి, పూలు ఆలస్యమవుతాయి. ఆకుల మీద పచ్చటి గొంగళిపురుగులు కనిపిస్తే వేపనూనె సీసా పక్కన పెట్టేయండి. అవి లేతపసుపు తెలుపు రంగుల్లో తిరిగే వలస సీతాకోకచిలుకల పిల్లలు, ఆ జాతి బతికేదే తంగేడు కుటుంబం ఆకుల మీద. తిన్న కొమ్మ పది రోజుల్లో మళ్లీ చిగురిస్తుంది.

శంఖుపుష్పం, గిలకచెట్టు కూడా చిక్కుడు బంధువులే, తొక్క గట్టిదే, కానీ తంగేడంత మొండివి కావు. శంఖుపుష్పం గింజకు కన్ను ఉన్న వైపు వదిలేసి, ఎదురువైపు నెయిల్ కట్టర్‌తో సూదిమొనంత గిచ్చి చల్లటి నీళ్లలో రాత్రంతా ఉంచితే చాలు. వేడినీళ్లు పోయకండి. తొక్క కాస్త మెత్తబడిన గింజలైతే లోపలి పప్పు ఉడికిపోతుంది. గిలకచెట్టుకు శాండ్‌పేపర్ మీద నాలుగు రుద్దులు చాలు, వారంలోపే మొలుస్తుంది. ఎండుకాయను ఊపితే లోపలి గింజలు గిలగిలా మోగుతాయి కాబట్టే ఆ పేరు. ఇంట్లో ఆవులో మేకలో ఉంటే దీన్ని వేయకపోవడం మంచిది. ఈ జాతిలో పశువుల కాలేయానికి చేటుచేసే పదార్థం ఉంటుంది. విచిత్రమేమిటంటే అదే పదార్థం కోసం మగ టైగర్ సీతాకోకచిలుకలు ఎండిన గిలక కొమ్మల మీద గుంపులుగా వాలి పీల్చుకుంటాయి. ఆడవాటిని ఆకర్షించే వాసన తయారుచేసుకోవడానికి వాటికది కావాలి. అందుకని కాయలు అయిపోయిన కొమ్మను వెంటనే పీకేయకుండా నెలరోజులు అలాగే ఉంచండి.

గునుగు గింజ చూడడానికే ముచ్చటగా ఉంటుంది. ఆవగింజకంటే చిన్నది, నల్లగా నిగనిగలాడుతూ సూక్ష్మమైన కందిబద్దలా కనిపిస్తుంది. దీన్ని అర అంగుళం లోతులో పూడ్చమన్న చీటీ మాట వింటే ఒక్కటి కూడా పైకి రాదు, ఆ చిన్న గింజలో అంత దూరం పొడుచుకొచ్చే బలం ఉండదు. నానబెట్టే పని అసలే లేదు, తడిసిన గింజలు వేళ్లకంటుకుని కుప్పగా ఒక్కచోటే పడతాయి. చిటికెడు గింజలకు గుప్పెడు పొడి ఇసుక కలిపి, తడిపిన మట్టి మీద చల్లి అరచేత్తో అదిమితే చాలు, పైన మట్టి కప్పొద్దు. నాలుగో రోజు నుంచి ఎర్రటి కాడలతో మొలకలు కనిపిస్తాయి. చెట్టుకూ చెట్టుకూ జానెడు దూరం ఉండేలా పలచన చేయాలి, పీకినవాటిని పప్పులో వేసుకోవచ్చు. కంకులు అడుగున గోధుమరంగుకు తిరిగేసరికి గింజ రాలడం మొదలవుతుంది. అప్పుడు కోయకపోతే వచ్చే ఏడు కుండీల్లోనే కాదు, పక్కింటివాళ్ల కాలువగట్టు మీద కూడా మీ గునుగే ఉంటుంది.

ముళ్ళగోరింటను నానబెట్టమనడం చీటీలో ఉన్న అన్నిటికంటే పెద్ద తప్పు. పొడిగా ఉన్నప్పుడు గింజ చదునుగా, గుండ్రంగా, పట్టులాంటి నూగుతో ఉంటుంది. ఒక్క నీటిచుక్క వేసి భూతద్దంతో చూస్తే ఆ నూగంతా లేచి నిలబడి, కొన్ని క్షణాల్లో గింజ చుట్టూ జిగురు పొర కడుతుంది. అడవిలో కాయ పేలి గింజ ఎగిరిపడ్డాక తడినేలకు అంటుకుపోవడానికి చేసుకున్న ఏర్పాటు అది. గ్లాసులో నానేస్తే ఇరవై గింజలూ సబ్జాల్లా ఒకే ముద్దగా మారతాయి, విడదీస్తే తొక్కలు ఊడతాయి, విడదీయకపోతే లోపల గాలాడక కుళ్లుతాయి. పొడిగింజను పొడిగానే, అడ్డంగా పడుకోబెట్టి, అర సెంటీమీటరు ఇసుకమట్టి కప్పి, అప్పుడు నీళ్లు చిలకరించాలి. పది పదిహేను రోజుల్లో మొలుస్తుంది. ముళ్లున్న మొక్క కాబట్టి గేటు పక్కన కాకుండా ప్రహరీ వెంబడి వేసుకోండి.

కనకాంబరం పొట్లంతో అసలు సమస్య వయసు. పొట్లం మీద ప్యాకింగ్ తేదీ ఉంది, గింజ ఎప్పుడు కోశారో లేదు. తంగేడు గింజకు రెండేళ్లయినా ఫరవాలేదు, కనకాంబరం గింజ పాతబడేకొద్దీ మొలక శాతం తొందరగా పడిపోతుంది. పొట్లంలో ఉన్నవాటిలో పది గింజలు తీసి తడిగుడ్డలో పరిచి, స్టీలు డబ్బాలో పెట్టి మూడు వారాలు చూడండి. ఐదు పైన మొలిస్తే మిగతావి ట్రేలో వేయొచ్చు, మూడు దాటకపోతే ఉన్నవన్నీ ఒత్తుగా చల్లేయండి. ఇంకో మాట. ఇదే కొట్లో కాదుగానీ, ‘ఢిల్లీ కనకాంబరం విత్తనాలు’ అని అమ్మేవాళ్లు ఊళ్లో కనిపిస్తారు. ఢిల్లీ కనకాంబరం గింజ కట్టని రకం, కొమ్మ నాటితేనే వస్తుంది. ఆ పేరుతో గింజలిస్తే అవి మరేవో అయి ఉండాలి. ఈ పెట్టెలో ఉన్నది నారింజరంగు పూసే మామూలు నాటురకమే, దక్షిణ భారతంలో, శ్రీలంకలో అడవిలో దానంతటదే పెరిగేది. నులిపురుగులు, ఎండుతెగులు దీనికి పాత శత్రువులు కనుక కుండీ మట్టిలో గుప్పెడు వేపపిండి కలిపి వారం ఆగి నాటండి. పాత వంకాయ, టమోటా కుండీల మట్టి వాడొద్దు.

విష్ణుక్రాంత కోసమే చాలామంది ఈ పెట్టె కొంటారని తెలుస్తూనే ఉంది, వినాయక చవితి ఏకవింశతి పత్రాల్లో అదొకటి కదా. నర్సరీల్లో విష్ణుక్రాంత పేరుతో అంటగట్టేది సాధారణంగా బ్రెజిల్ నుంచి వచ్చిన పెద్దపూల తోటమొక్క. మన విష్ణుక్రాంత పువ్వు చిటికెనవేలి గోరంతే ఉంటుంది, పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, తీగలు నేలకు అంటిపెట్టుకుని పాకుతాయి. పొట్లంలో ఉన్నది ఈ అసలు మొక్క గింజే. శాండ్‌పేపర్ మీద వేలితో తేలిగ్గా రుద్ది, ఇసుకలో కలిపి పైపైన చల్లాలి. మొలకలు ఒక్కసారిగా రావు, పదో రోజు నాలుగు, ఇరవయ్యో రోజు ఇంకో రెండు అన్నట్టు వస్తాయి. ఓపికలేక ట్రే దులిపేస్తే నష్టం మీకే. చవితికి పత్రి కావాలంటే మృగశిర కార్తెలోనే, అంటే జూన్‌లోనే విత్తాలి. దీన్ని చంపేది దాహం కాదు, నీళ్లే. వర్మీకంపోస్టు బాగా వేసి రోజూ తడిపితే రెండు వారాలు పచ్చగా కనిపించి మొదలు దగ్గర నల్లబడి పడిపోతుంది. ఆరంగుళాల లోతున్న వెడల్పాటి తొట్టిలో సగం ఎర్రమన్ను, సగం ఇసుక చాలు.

ఇక అడవినాభి. తిరుమల కొండ వాలుల్లో వానాకాలం ఎర్రటి మంటల్లా పూసే ఈ తీగ తమిళనాడు రాష్ట్రపుష్పం, తంగేడేమో తెలంగాణది. మన రాష్ట్రపుష్పం మల్లె. రాష్ట్రపుష్పమైతే అయిందిగానీ, నాభిని ఇంట్లో పెంచమని ఇంత తేలిగ్గా పొట్లంలో పెట్టి ఇవ్వడం మాత్రం నచ్చలేదు. గింజ, ఆకు, గడ్డ అన్నిటిలోనూ కోల్చిసిన్ అనే విషం ఉంటుంది. గింజలేమో ఎర్రటి పూసల్లా చిన్నపిల్లల్ని నోట్లో పెట్టుకోమని పిలుస్తున్నట్టే ఉంటాయి. పొట్లం మీద హెచ్చరిక ఒక్క ముక్క కూడా లేదు. ఈ పెట్టెకు మా వైపు నుంచి అతిపెద్ద ఫిర్యాదు ఇదే. పాకే వయసు పిల్లలో, కుక్కలో ఉన్న ఇళ్లలో ఆ పొట్లం విప్పకుండానే తిరిగిచ్చేయండి, విడిగా ఏ పొట్లమైనా 40 రూపాయలే కాబట్టి మార్చి ఇంకోటి తీసుకోవచ్చు. పెంచేవాళ్లు చేతికి తొడుగు వేసుకుని పై ఎర్రపొర కడిగేసి, ఇసుకమట్టిలో సెంటీమీటరు లోతున వేసి నెలల తరబడి ఎదురుచూడాలి. 21 రోజుల్లో మొలుస్తుందన్నది ఉత్తమాట. మొలిచినా మొదటి ఏడు గడ్డిపరకంత ఆకే వస్తుంది, పువ్వు చూడడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. తొందరున్నవాళ్లకు గడ్డే దారి.

‘మిక్స్’ పొట్లం గురించి రెండు ముక్కలు చాలు. విప్పి తెల్లకాగితం మీద పోస్తే సూదిలా సన్నగా వంగినవి కాస్మోస్, బల్లెం మొనలా చదునుగా ఉన్నవి జిన్నియా, కుచ్చులున్నవి గైలార్డియా. మూడూ అమెరికా ఖండాల పూలు. అందంగానే ఉంటాయి, సులువుగానే మొలుస్తాయి, కానీ పెట్టె మీద రాసిన మాటకు అవి సరిపోవు. వాటి బదులు తుమ్మి పొట్లం పెట్టి ఉంటే శివపూజకూ పనికొచ్చేది, తేనెటీగలకూ పండగయ్యేది.

కొబ్బరిపొట్టు దిమ్మను నేరుగా వాడకండి. ఇందులో ఉప్పు దిగలేదు, నానబెట్టిన నీళ్లు టీ రంగులో దిగుతాయి. బకెట్‌లో నానేసి గుడ్డలో పిండి, మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, రంగు తగ్గాక వాడాలి. బోరునీళ్లు పోస్తే కుండీ అంచున తెల్లటి పెచ్చు కట్టే ఇళ్లలో మొలకలకు వాననీళ్లో, మున్సిపాలిటీ కుళాయి నీళ్లో పట్టి ఉంచుకోండి. కడిగినా సరే, వట్టి కొబ్బరిపొట్టు ఈ మొక్కలకు మరీ తడి. ఎర్రమన్ను మూడు పాళ్లు, ఏటి ఇసుక రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి, అందులో కొబ్బరిపొట్టు ఒక్క పాలు చేరిస్తే సరిపోతుంది. ట్రేకు చెంబుతో నీళ్లు పోస్తే గునుగు గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. వెడల్పాటి పళ్లెంలో వేలి లోతు నీళ్లు పోసి ట్రేను పావుగంట అందులో ఉంచితే అడుగునుంచే తడి ఎక్కుతుంది. చీమలున్న మిద్దెల మీద ట్రేను రెండు ఇటుకల మీద పెట్టి, ఆ ఇటుకలను నీళ్ల పళ్లెంలో నిలబెట్టండి. చల్లిన గింజలు తెల్లారేసరికి మాయమవడానికి సగం కారణం చీమలే. మొలకలు మొదలు దగ్గర సన్నబడి దారంలా వాలిపోతుంటే అది నారుకుళ్లు. తడి తగ్గించి, లీటరు నీళ్లకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (తెగులు మందు) కలిపి మొదళ్లు తడిసేలా పోస్తే మిగిలినవైనా దక్కుతాయి.

ఏడాది పొడవునా విత్తుకోవచ్చన్న మాట తిరుపతిలో చెల్లదు. రోహిణి కార్తెలో మిద్దె మీద పెట్టిన నల్ల ట్రేను చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది, అందులో మొలక కాదు, పేలాలు వేగుతాయి. ఇక్కడ పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. 2021 నవంబరులో ఊరినే ముంచిన వానలాంటిది పడితే పైపైన చల్లిన గింజ ఒక్కటీ నిలవదు. కాబట్టి తంగేడు, గిలక, శంఖుపుష్పం జూలైలో, పునర్వసు పుష్యమి కార్తెల జల్లులకు నేరుగా నేలలో పడాలి. పెద్దవానలు వచ్చేసరికి వాటి వేళ్లు దిగి ఉంటాయి. గునుగు, ముళ్ళగోరింట, కనకాంబరం ఆగస్టు చివర ట్రేలో చూరు కింద విత్తి, నాలుగు ఆకులకు వచ్చాక చిత్త కార్తెకు (అక్టోబరు) ముందే నాటేయాలి. చిత్తూరు, పలమనేరు వైపు ఎండ కాస్త తక్కువ కాబట్టి అక్కడివాళ్లు జూన్‌లోనే మొదలుపెట్టొచ్చు.

గింజలు ఎక్కడివని అడిగితే పొలంగట్ల మీద, రోడ్ల పక్కన ఏరించినవని కొట్టువాళ్లు చెప్పారు. పెట్టె మీద కూడా ఆ సంగతి, కోసిన నెల, ఊరు అచ్చువేస్తే బాగుంటుంది. శేషాచలం 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన అడవి, లోపల శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఉంది. అక్కడి నుంచి గింజ తేవడం నేరం. కాలిబాటలో కపిలతీర్థం వైపు తిరిగొచ్చినప్పుడు జేబులో నాలుగు కాయలు వేసుకొచ్చే అలవాటున్నవాళ్లు కూడా ఈ మాట వినాలి.

450 పెట్టి పెట్టె కొనడంకంటే తంగేడు, శంఖుపుష్పం, గునుగు, ముళ్ళగోరింట, విష్ణుక్రాంత ఐదు పొట్లాలు విడిగా 200కు తీసుకోండి. ప్రోట్రే బయట నర్సరీ సామాన్ల కొట్లలో దొరుకుతుంది, కొబ్బరిపొట్టు తప్పనిసరి కాదు. గింజలకు ఐదుకు నాలుగు, చీటీకి సున్నా. నాభి పొట్లం మీద ‘విషం, పిల్లలకు అందనీయకండి’ అన్న ముక్క అచ్చయ్యేదాకా పెట్టె మొత్తానికి రెండే.